స్టిల్టులో వెలిసిన ఇడ్లీ

మన నగరాల్లో కారుకు దొరికినంత చోటు మనిషికి దొరకలేదు. అబద్ధమనుకుంటే హైదరాబాదులో ఏ అపార్టుమెంటు ప్లానైనా తిరగేయండి. కింద స్టిల్టు, దాని కింద సెల్లారు, అంతా వాహనాలకే. కాగితం మీద కార్లు బుద్ధిగా వరసలో నిలబడి ఉంటాయి. ఇప్పుడు ఆ భవనం దగ్గరికి వెళ్లండి. ఒకటో కారు ఉండాల్సిన చోట మొబైల్ రిపేరు, రెండోదాని చోట కర్రీ పాయింటు, మూడూ నాలుగూ కలిపేసి టిఫిన్ సెంటరు. సెల్లారులో ఎప్‌సెట్ కోచింగు. మరి కార్లో? రోడ్డు మీద. రోడ్డు మీద నడిచేవాళ్లో? వాళ్లకు ఏ ప్లానులోనూ గీత పడలేదు.

నిబంధనలు లేకపోతే కదా బాధపడడానికి! 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవోలో పార్కింగుకు ఎంత వదలాలో శాతాల పట్టికే ఉంది. మాట తప్పుతారేమోనని 10 శాతం కట్టడాన్ని ముందే తనఖా రాయించుకుంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తే తనఖా వదులుతారు. అందుకే అది చేతికొచ్చేదాకా యజమాని పరమ నిష్ఠాపరుడు. తనిఖీ రోజున స్టిల్టు ఊడ్చి, ముగ్గు వేయడం ఒక్కటే తక్కువ. ఆ తర్వాతే షట్టర్లు దిగుతాయి. ఇనుప షట్టరు చప్పుడు వీధి వీధంతా వింటుంది, టౌన్ ప్లానింగ్ విభాగం తప్ప. ఆ విభాగం చైన్‌మన్ మాత్రం వస్తాడు, చూస్తాడు, టీ తాగి వెళ్తాడు. ఆ టీ ఖరీదు మనకెందుకు.

తర్వాత పన్నువాళ్లు. పక్క గదిలోని టౌన్ ప్లానింగుకు కనబడని షట్టరు వీళ్లకు కొలతలతో సహా కనబడుతుంది. అనధికార నిర్మాణమంటూ పెనాల్టీ కలిపి ఆస్తిపన్ను వేస్తారు. పన్ను కట్టినంత మాత్రాన సక్రమమైపోదని కూడా చెబుతారు. అంటే ఆ షట్టరు వసూళ్లప్పుడు ఉంటుంది, ఫిర్యాదు చేసినప్పుడు ఉండదు. మాయావాదాన్ని శంకరులు కూడా ఇంత సులువుగా బోధించలేదు.

ఇక మన్నింపుల సంగతి. 2007 డిసెంబరు 15కు ముందు కట్టినవాటిని క్రమబద్ధీకరిస్తామన్నారు, ఈ ఒక్కసారికే అన్నారు. విభజన తర్వాత తెలంగాణ 2015 అక్టోబరు 28 దగ్గర గీత గీసింది. ఆంధ్రప్రదేశ్ 2014 డిసెంబరు 31 దగ్గర ఒకటి, 2018 ఆగస్టు 31 దగ్గర ఇంకొకటి. చివరి అవకాశానికి ఇంతమంది వారసులు! ప్లాను ప్రకారం కట్టుకున్నవాడు ఇదంతా చూసి, తానెంత వెర్రివాడో లెక్కేసుకుంటూ ఉంటాడు. పార్కింగు చోటును ఆక్రమిస్తే ఈ పథకాలు వర్తించవని షరతు పెట్టారనుకోండి. అయితేనేం? మన్నించమని అడగాలంటే ముందు ఎవరైనా పట్టుకోవాలిగా.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. అప్పుడు సెల్లార్లు అందరి కళ్లకూ కనబడ్డాయి. నాలుగు నెలలు దాటాయో లేదో మినిస్టర్ రోడ్డులో మరో వాణిజ్య భవనం తగలబడింది. ముగ్గురు పోయారు. ప్లానులోని కార్లకు మాత్రం ఇంతవరకు ఏ ప్రమాదమూ జరగలేదు.

మనమేం తక్కువ తినలేదు. సెల్లార్ల ఆక్రమణ మీద పేపర్లో చదివి, మండిపడి, ఆ సెల్లారులోనే జిరాక్సు తీయించుకుంటాం. బండి ఫుట్‌పాత్ మీద పెట్టి.

కనుక అధికారులకో విన్నపం. ప్లానులో కారు బొమ్మ చెరిపేసి ఇడ్లీపాత్ర గీయించండి. ఎన్ని షట్టర్లో, అడ్వాన్సు ఎంతో, చైన్‌మన్ టీ ఎన్నింటికో అందులోనే వేయించండి. రేపటి జరిమానా పర్మిషను ఫీజులోనే కలిపేయండి, కడతాం. రసీదు మీద మాత్రం ‘పార్కింగ్ నిమిత్తం’ అని రాయకండి. ఆడిట్‌వాళ్లు వచ్చి కారేదని అడిగితే ఇడ్లీ చూపించాల్సి వస్తుంది.