తలుపు తట్టేవాణ్ణి

నన్ను చూస్తే ఎవరూ కంప్యూటర్ అనుకోరు. ఇంచుమించు ఏటీఎం కార్డంత ఉంటాను. పేరు రాస్‌బెర్రీ పై, మూడో తరం. జ్ఞాపకశక్తి ఒక్క జీబీ. 2016లో మా ఇంటి చిన్నోడు నన్ను ముంబయి ల్యామింగ్టన్ రోడ్డులో కొన్నాడు. ప్లాస్టిక్ సంచిలో దాదర్ తూర్పున నాయిగావ్ బీడీడీ చాల్‌కు చేరాను. వరస గదుల ఆ భవనంలో 160 చదరపు అడుగుల ఒక్క గది, ఖోలీ. కింద నలుగురు మనుషులు, అటక మీద నేను.

మొదటిరోజే తాత అడిగాడు. "ఏందిరా గీ డబ్బా?"

"నేను చూసుకునే పన్నెండు సర్వర్లు మంచిగున్నయా లేదా అని అడుగుతది తాతా."

"అడిగి?"

"బాగలేకుంటే నా ఫోన్ కొడతది."

తాత నవ్వాడు. "మా మిల్లుల గా పని నేనే చేస్తుంటిని."

తాత నేతగాడు. మిల్లులో రెండు మగ్గాలు ఆయనవి. రెంటి మధ్యా నడుస్తూ పడుగులో పోగు తెగిందేమో చూసేవాడు, చప్పుడు మారితే చెవితోనే పట్టేవాడు. కొన్ని మిల్లుల్లోకి ఆటోమేటిక్ మగ్గాలొచ్చాయి. వాటిలో పడుగు పోగు పోగుకూ ఒక సన్నని రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు పడుతుంది, మగ్గం ఆగుతుంది. సర్వర్ల కాపలాలోనూ ఈ రెండు పద్ధతులే. ప్రతి సర్వర్‌లోనూ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం కూర్చోబెడితే అది రేకు. ఎవరినీ కూర్చోబెట్టకుండా బయటినుంచి వెళ్లి చూసొస్తే అది తాత నడక. నాది తాత దారి.

ఆ దారి పేరు సెక్యూర్ షెల్. అంతకుముందు దూరపు కంప్యూటర్లోకి వెళ్లడానికి టెల్‌నెట్ ఉండేది. టెల్‌నెట్ అంటే గ్యాలరీ ఈ కొసన నిలబడి ఆ కొసకు ఇంటి గుట్టు అరిచి చెప్పడమే. పాస్‌వర్డ్ అందరికీ వినబడుతుంది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో అలా పాస్‌వర్డులు దొంగలపాలైతే, టాటూ యిలోనెన్ అనే ఆయన 1995లో సెక్యూర్ షెల్ రాశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ నంబరు తలుపు (పోర్టు), టెల్‌నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీగా కనిపిస్తే అడిగి తీసుకున్నాడు. లైనక్స్ సర్వర్ దాదాపు ఏదైనా ఇవాళ ఆ తలుపుతోనే పుడుతుంది. కనుక నాకోసం అక్కడ కొత్తగా ఏమీ పెట్టనక్కర్లేదు. పెట్టిన ఏజెంటు మెమరీ తింటుంది, దాన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, దానిలోనూ కన్నాలుంటాయి. పైగా చిన్నోడి ఖాతాదారుల్లో కొందరు తమ సర్వర్లో పరాయి ప్రోగ్రాం ఎక్కించనివ్వరు.

అయిదు నిమిషాలకోసారి తలుపు తడతాను. రోజుకు 288 సార్లు, పన్నెండు ఇళ్లకూ కలిపి 3,456. తాళంచెవి ఎవరికీ చూపించను. అది నా దగ్గరుందని సంతకం పెట్టి రుజువు చేస్తాను. ఆ సంతకం నాదో కాదో పోల్చుకోవడానికి కావలసిన పబ్లిక్ కీ వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. లోపలికి వెళ్లి మూడు మాటలడుగుతాను: పని బరువెంత, మెమరీ ఎంత మిగిలింది, డిస్కులో చోటెంత. జవాబు తీసుకుని వచ్చేస్తాను. నేను వచ్చిపోయిన సంగతి మాత్రం వాళ్ల లాగ్‌లో మిగిలిపోతుంది. ఏజెంటు లేదంటే జాడ లేదని కాదు.

నా లోపాలూ చెప్పుకోవాలి. రెండుసార్లు తలుపు తట్టడానికి మధ్య అయిదు నిమిషాల్లో ఏం జరిగినా నాకు తెలియదు. రేకుకైతే తెలుస్తుంది. ఇంకోటి, పన్నెండిళ్ల తాళంచెవులు ఒక్కడి దగ్గరున్నాయి. అర్ధరాత్రి లేచి పాస్‌ఫ్రేజ్ కొట్టేవారుండరు కాబట్టి ఆ తాళంచెవులకు పైన ఇంకో తాళం లేదు. నన్ను ఎత్తుకుపోయినవాడికి పన్నెండిళ్లూ దొరికినట్టే. అందుకే చిన్నోడు ప్రతి సర్వర్లోనూ నా కీ ముందు ఒక షరతు రాశాడు: వీడు ఏమడిగినా ఆ మూడు జవాబులే ఇవ్వండి, ఇంకేమీ చేయనివ్వకండి. పాలవాడు గుమ్మందాకా రావచ్చు, వంటింట్లోకి రాకూడదు.

2018 వానాకాలంలో ఒక రాత్రి నా పరువు పోయింది. మూడో సర్వర్‌కు పక్కయంత్రం డిస్కు నెట్‌వర్క్ మీద తగిలించి ఉండేది. ఆ పక్కయంత్రం పడిపోయింది. నేను యథాప్రకారం చోటెంత అని అడిగాను. జవాబు చెప్పాల్సిన డీఎఫ్ కమాండ్ తగిలించిన ప్రతి డిస్కునూ అడిగిగాని నోరు విప్పదు. ఆ డిస్కు పలకదు. తలుపు తీయడానికి చిన్నోడు పది సెకన్ల గడువు పెట్టాడుగాని, జవాబుకు గడువు పెట్టలేదు. తలుపైతే తెరుచుకుంది. గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. మా చాల్‌లో పొద్దున్నే ఉమ్మడి సండాసు దగ్గర లోపలికెళ్లినవాడు బయటికి రాకపోతే వెనక వరస ఏమవుతుందో, మిగతా తొమ్మిది సర్వర్లూ అలాగే అయ్యాయి. ఆ రాత్రే తొమ్మిదో సర్వర్ డిస్కు నిండిపోయింది, ఒక దుకాణం బిల్లులు ఆగిపోయాయి. ఫోన్ మోగలేదు కాబట్టి అంతా క్షేమమనుకుని చిన్నోడు హాయిగా నిద్రపోయాడు. పొద్దున ఖాతాదారు తిట్లతో లేచాడు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రశ్నకూ ఇరవై సెకన్లే. ఒకరికోసం ఇంకొకరు ఆగకుండా పన్నెండు తలుపులూ విడివిడిగా తడతాను. తాత మాత్రం ఒక్క మాటన్నాడు. "కబురు రాలేదంటే మంచిగున్నదని కాదు బిడ్డా." ఆయనకు తెలుసు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో రెండున్నర లక్షలమందితో పాటు ఆయనా మగ్గం వదిలాడు. ఆ సమ్మె ముగిసిందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఒక పాఠం మిగిలింది. 2020 అక్టోబర్ 12, ఉదయం పది. ముంబయి మొత్తం కరెంటు పోయింది, లోకల్ రైళ్లు ఆగిపోయాయి. డేటా సెంటర్లో జనరేటర్ల మీద నా పన్నెండు సర్వర్లూ బతికే ఉన్నాయి. పోయింది నేను. చిన్నోడి ఫోన్ అప్పుడూ మోగలేదు. మోగించాల్సినవాణ్ణి నేనే కదా!

కరెంటొచ్చాక వాడు తల పట్టుకుంటే అవ్వ అంది. "గిందులేముంది? పక్కింటామె పొద్దుగాల ఏడు దాకా తలుపు తీయకుంటే మేం పోయి కొట్టమా?" చాల్‌లో పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి. మూసిన తలుపే ఇక్కడ అలారం. ఆ మాట పట్టుకుని చిన్నోడు ఇంకో ఊళ్లో ఒక చిన్న సర్వర్ పెట్టాడు. అయిదు నిమిషాలకోసారి దానికి 'ఉన్నాను' అని చెప్పుకుంటాను. వరసగా మూడుసార్లు నా గొంతు వినబడకపోతే అది చిన్నోణ్ణి లేపుతుంది.

ఇప్పుడు బీడీడీ చాళ్లు కూల్చి టవర్లు కడుతున్నారు. మావాళ్లకూ 500 చదరపు అడుగుల ఇల్లు వస్తుందట. నాకూ మంచి అలమారా దొరకవచ్చు. కానీ టవర్లో తలుపులు పగలూ మూసే ఉంటాయి. మూసిన తలుపు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. మీ అంతస్తులో ఒంటరిగా ఉండే అవ్వలుంటే, అయిదు నిమిషాలకోసారి అక్కర్లేదు, రోజుకోసారి తలుపు తట్టండి. జవాబు రాకపోతే మాత్రం ఇరవై సెకన్లకంటే ఎక్కువ ఆగకండి.