నా నాలుగు బటన్ల మీద కత్తిసాము

నన్ను నియో జియో ఎంవీఎస్ అంటారు. ఒసాకా పక్కన సుయిటాలో ఉన్న ఎస్‌ఎన్‌కే కంపెనీ 1990లో నా జాతిని బజారులోకి తెచ్చింది. నాకు ముందు వచ్చిన చాలా యంత్రాల్లో ఆట మార్చాలంటే లోపలి బోర్డు ఊడదీసి మరోటి బిగించాలి. నాకైతే తలుపు తీసి, పాత కార్ట్రిడ్జ్ లాగి కొత్తది గుచ్చితే చాలు. నాలో అలాంటి స్లాట్లు నాలుగు. ఖర్చు తక్కువ కాబట్టి పెద్ద గేమ్ సెంటర్లలోనే కాకుండా, పిల్లలకు చిరుతిళ్ళు అమ్ముకునే వీధి కొట్ల ముందు కూడా నా తోబుట్టువులు నిలబడ్డాయి. మీ ఊళ్ళ వీడియోగేమ్ షాపుల్లో మీరు ఎగబడి ఆడిన ‘మెటల్ స్లగ్’, ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ కూడా మా ఇంటి ఆటలే.

అప్పట్లో నా చోటు ఒసాకాలో ఒక మామ్మ కొట్టు ముందు, రేకుల చూరు కింద. ముందు పలక మీద ఇద్దరు ఆటగాళ్ళకూ చెరో లీవరు, చెరి నాలుగు బటన్లు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. 50 యెన్ల బిళ్ళ వేస్తే ఒక ఆట.

1993లో కార్ట్రిడ్జులు తెచ్చే మనిషి నా స్లాట్‌లో ‘సమురాయ్ స్పిరిట్స్’ పెట్టాడు. జపాన్ బయట దాని పేరు ‘సమురాయ్ షోడౌన్’. 118 మెగాబిట్ల ఆట, ఆ రోజుల్లో అది చాలా పెద్ద లెక్క. కథ 1788 నాటిది. షిమబారా తిరుగుబాటులో చనిపోయిన అమకుసా షిరో మళ్ళీ లేచి వస్తాడు. దేశమంతటి నుంచీ కత్తులు పట్టినవాళ్ళు బయల్దేరుతారు. నా బతుకులో గర్వంగా చెప్పుకోదగ్గ పనంతా ఆ కార్ట్రిడ్జ్‌తోనే మొదలైంది.

అప్పటి పిల్లలు ‘స్ట్రీట్ ఫైటర్ 2’ మీద చేయి తిరిగినవాళ్ళు. గుద్దు వెంట తన్ను, తన్ను వెంట గుద్దు, ఊపిరి సలపకుండా కొట్టడమే పోరాటమని వాళ్ళ నమ్మకం. ఈ ఆటలో చేతిలో ఉన్నది కత్తి. ఎరుపు నొక్కితే చిన్న వేటు, పసుపు నొక్కితే మధ్య వేటు, రెండూ కలిపి నొక్కితే పెద్ద వేటు. ఆకుపచ్చ, నీలం కాళ్ళకు. పెద్ద వేటు సరిగ్గా పడిందంటే ఎదుటివాడి ప్రాణరేఖలో మూడో వంతు దాకా ఒక్క దెబ్బకే పోతుంది. పడకపోతే మాత్రం కత్తి విసిరినవాడు ఆ ఊపు నుంచి తేరుకోలేక, ఒంటికి ఏ అడ్డూ లేకుండా నిలబడిపోతాడు. ఆ కాసేపు వాడి ప్రాణం ఎదుటివాడి చేతిలో ఉంటుంది. ఈ ఆటలోని విద్యంతా ఈ రెండు సంగతుల మధ్యనే ఉంది.

ఒక కుర్రాడు బడి సంచీ భుజాన ఉండగానే వచ్చి బిళ్ళ వేసేవాడు. ఎప్పుడూ హావోమారునే ఎంచుకునేవాడు. జుట్టు ఎగదువ్వి కట్టుకున్న ఆ వీరుడి పెద్ద వేటంటే వాడికి మహా ఇష్టం. ఆట మొదలైన క్షణం నుంచీ ఎరుపు, పసుపు కలిపి బాదడమే పని. యంత్రం నడిపే మొదటి ఒకరిద్దరు శత్రువులు దానికి పడిపోతారు. మనిషి ఎదురైతే చెల్లదు. ఫ్యాక్టరీ బట్టలతో ఒక అన్న వచ్చి రెండో లీవరు పట్టుకున్నాడంటే కుర్రాడి బిళ్ళలు వరసగా నా డబ్బాలో పడేవి. ఆ అన్న ఆడేది ఉక్యోని, దగ్గుతూ పోరాడే క్షయరోగి ఖడ్గవీరుణ్ణి. అతను ఏమీ చేస్తున్నట్టే ఉండేది కాదు. అడుగు ముందుకు, అడుగు వెనక్కి, అంతే. కుర్రాడి కత్తి ఉక్యో ముక్కు ముందు గాలిని కోసి కిందికి దిగేది. అప్పుడు అన్న వేళ్ళు కదిలేవి, ఒక్కసారి.

“ఎందుకన్నా ప్రతిసారీ నా దెబ్బ తగలదు?” అని ఒకరోజు కుర్రాడు ఏడుపు గొంతుతో అడిగాడు.

“నీ కత్తి కొస ఎక్కడిదాకా వస్తుందో నాకు తెలుసు తమ్ముడూ. నీకు తెలీదు,” అన్నాడు అన్న.

ఆ మాట తర్వాత కుర్రాడు చేసిన పని నేను ఎన్నటికీ మరవను. మర్నాడు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ, బిళ్ళలు వేసి, తన తమ్ముణ్ణి రెండో లీవరు దగ్గర నిలబెట్టి, “నువ్వేమీ నొక్కకు” అన్నాడు. దూరంగా నిలబడి పెద్ద వేటు వేశాడు, తగల్లేదు. సగం అడుగు ముందుకు జరిపి మళ్ళీ వేశాడు. మళ్ళీ సగం అడుగు. తగిలిన చోట ఆగి తెర వైపు తేరిపార చూశాడు. ఈ ఆటలో ఇద్దరూ ఎడంగా ఉంటే బొమ్మలు చిన్నవవుతాయి, దగ్గరైతే పెద్దవవుతాయి. అప్పటి ఆటల్లో అదొక వింత. వాడు ఆ మార్పునే గుర్తుగా పెట్టుకున్నాడు. బొమ్మ పెద్దదైన చోటి నుంచి తన ప్రతి వేటుకూ ఇంకా ఎంత జరగాలో లెక్క కట్టుకున్నాడు. పెద్ద వేటుకు ఒక ఎడం, మధ్య వేటుకు ఒక ఎడం, కాలికి ఒక ఎడం. తర్వాత తమ్ముడి వైపు నకొరురును పెట్టించి, ఆ పిల్ల పొట్టి కత్తి ఎంతలో ఆగిపోతుందో చూశాడు. డబ్బులన్నీ అయిపోయాయి. ఒక్క నిజమైన పోరాటమూ గెలవలేదు, కానీ వెళ్ళేటప్పుడు వాడి ముఖం వెలిగిపోతోంది.

ఆ వారం నుంచి వాడి చేతుల బరువు నాకు తేడాగా తగిలింది. బటన్ల మీద బాదడం పోయింది. లీవరు మాత్రం ముందుకూ వెనక్కూ చిన్నగా ఊగుతూనే ఉండేది. ఎదుటివాడి కత్తి అందే చోటుకు ఒక వెంట్రుకవాసి బయట నిలబడటం, అందేలా ఆశ చూపించి వెనక్కి జరగడం, వాడి పెద్ద వేటు గాల్లో పోయాక తనది వేయడం. వేయాల్సింది కూడా ప్రతిసారీ పెద్దదే కాదు. దొరికిన సందు చిన్నదైతే మధ్య వేటుతో సరిపెట్టుకోవాలి. చేతికి అందిన చిన్న లాభాన్ని వదిలి పెద్దదానికి ఆశపడినవాళ్ళు నా పలక మీద ఓడిపోవడం కళ్ళారా చూశాను.

కాచుకోవడం ఇంకో చదువు. లీవరు వెనక్కి పట్టుకుంటే వేటు ఆగుతుంది. కాళ్ళ దగ్గర తన్నేదాన్ని కూర్చునే కాచుకోవాలి, పైనుంచి దూకి కొట్టేదాన్ని లేచి నిలబడే కాచుకోవాలి. మీదికొచ్చి పట్టి విసిరేవాడి ముందు ఏ కాపూ పనికిరాదు. ఇవన్నీ తెలిసినా, భయం పుట్టగానే చేతులు బటన్ల మీదికే పోతాయి. భయంలో వేసిన వేటు దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. ఆ భయాన్ని అరచేతుల చెమట రూపంలో నేను తాకి చూశాను కనుక చెబుతున్నాను.

తెర అడుగున కోపం కొలత ఒకటి ఉంటుంది. దెబ్బలు తిన్నకొద్దీ అది నిండుతుంది. నిండాక మనిషి ఒళ్ళు ఎర్రబారి, వాడి ప్రతి వేటూ మరింత బలంతో పడుతుంది. అందువల్ల గెలుస్తున్నవాడికి నిశ్చింత లేదు. ముందంజలో ఉన్నవాడే మరింత ఎడంగా, మరింత ఓపిగ్గా ఉండాలి. ఆ ఎరుపు దిగేదాకా తప్పించుకు తిరగడం పిరికితనమని మొదట్లో పిల్లలు వెక్కిరించేవారు, తర్వాత అందరూ అదే నేర్చుకున్నారు. రెండు కత్తులు ఒకేసారి కలిస్తే మాత్రం ఇద్దరూ పెనుగులాటలో పడతారు. బటన్లు ఎవరు ఎక్కువ నొక్కితే వాళ్ళది పైచేయి, రెండోవాడి కత్తి ఎగిరి దూరంగా పడుతుంది. ఆట మొత్తంలో బాదుడుకు చోటున్నది అక్కడే. ఆ కాసేపు పలకంతా అదిరిపోతుంటే, నొప్పి అయినా ఇష్టంగా భరించాను. కత్తి పోయినవాడు దాని వైపు గుడ్డిగా పరిగెత్తితే చచ్చాడే. వట్టి చేతులతో కాస్త ఆగి, ఎదుటివాడు తొందరపడ్డాక వెళ్ళి తీసుకోవాలి.

నల్లబట్టలు కట్టుకున్న తీర్పరి కురోకో జెండా ఎత్తి కుర్రాడిదే గెలుపని చూపిన సాయంత్రం, ఫ్యాక్టరీ అన్న వాడి తల నిమిరి ఒక ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. మామ్మ లోపలి నుంచి వచ్చి, “నా యంత్రం దగ్గర చదువుకున్నాడు కదూ!” అంది. నాకు దక్కిన ప్రశంస అదొక్కటే. నాకది చాలు.

1994లో రెండో భాగం వచ్చింది, 1995లో మూడోది, 1996లో నాలుగోది. ఈలోగా ఇళ్ళల్లోకి ప్లేస్టేషన్, సాటర్న్ వచ్చాయి. మామ్మ వయసు మీదపడి కొట్టు మూసేసింది. నన్ను పాత యంత్రాలు అద్దెకు తిప్పే ఒకాయనకు అమ్మారు.

అక్కడి నుంచి పడిన బాధ కొంత వివరంగానే చెప్పాలి. కరెంటు ఆపకుండా నా కార్ట్రిడ్జులు లాగేవారు. అలా చేస్తే లోపలి చిప్పులు కాలిపోవచ్చని తెలిసీ, ఒక్క స్విచ్ నొక్కే ఓపిక లేక. పలక మీద సిగరెట్లు పెట్టి ఆడేవారు. ఆ కాలిన మచ్చలు నా అంచున వరసగా ఉన్నాయి. తీపి నీళ్ళు ఒలికి పసుపు బటన్ బిగుసుకుపోతే, తుడవకుండా ఇంకా గట్టిగా నొక్కమనేవారు. పసుపు లేకపోతే పెద్ద వేటు లేదు. అలా సగం కత్తితో, చాలాకాలం, మొహం చిట్లించుకునే పిల్లల ముందు నిలబడ్డాను. రాత్రింబవళ్ళు ఒకే ఆట పేరు వెలిగించి వదిలేయడంతో ఆ అక్షరాల నీడ నా తెర గాజులో మరకలా ఉండిపోయింది. చివరికి ఒక షెడ్డులోకి నెట్టి తాళం వేశారు. కార్ట్రిడ్జులన్నీ విడిగా అమ్ముకున్నారు. ‘సమురాయ్ స్పిరిట్స్’ వెళ్ళిపోయిన స్లాట్‌కు మూత కూడా పెట్టలేదు.

నా బోర్డు మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా స్కోర్లు, లెక్కలు గుర్తుండటానికి దాన్ని పెట్టారు. పట్టించుకునేవాళ్ళు లేకపోతే ఏళ్ళు గడిచాక అది పగిలి లోపలి క్షారం కారుతుంది. చెదలు దూలాన్ని తిన్నట్టు ఆ క్షారం బోర్డు మీది రాగి గీతల్ని తింటుంది. మొదట తెల్లటి పొడి, తర్వాత ఆకుపచ్చ చిలుము, తర్వాత గీత ఉన్న చోట ఏమీ మిగలదు. గొప్ప స్కోరు చేసిన పిల్లలు ముచ్చటపడి రాసుకున్న మూడక్షరాల పేర్లు ముందే చెరిగిపోయాయి. ఎవరో ఒకసారి షెడ్డు తెరిచి ప్లగ్గు పెట్టి చూశారు. లేవలేకపోయాను. నడక తప్పిన యంత్రాన్ని మళ్ళీ మొదటి నుంచి లేపే ఏర్పాటు నాలో ఉంది. అది నన్ను లేపుతూనే ఉంది, నేను పడుతూనే ఉన్నాను, స్పీకర్‌లో టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప బొమ్మ రాలేదు. “చచ్చిపోయింది” అని ప్లగ్గు పీకేశారు.

2001లో నన్ను పుట్టించిన కంపెనీ దివాలా తీసింది. 2004లో నా జాతికి చివరి అధికారిక ఆట వచ్చింది. అది కూడా కత్తిసామే, ‘సమురాయ్ స్పిరిట్స్ జీరో స్పెషల్’. నా వాళ్ళలో ఎక్కడో ఎవరికో ఆ కార్ట్రిడ్జ్ దక్కింది. నేను ఆ ఏడు షెడ్డులో కిటికీ సందు నుంచి వాన పడే వైపు ఉన్నాను, లీవరు కాడకు తుప్పు పట్టించుకుంటూ.

నన్ను తుక్కు ధరకు కొన్న మనిషి పాత యంత్రాలు బాగుచేసేవాడు. వచ్చీ రాగానే ఆ బ్యాటరీని కత్తిరించి తీసేశాడు. వినెగర్ అద్దిన బ్రష్షుతో చిలుము కడిగాడు. తెగిన ప్రతి గీతకూ సన్నని తీగ టంకం పెట్టి కలిపాడు. బిళ్ళ ఆకారపు కొత్త బ్యాటరీ పెట్టి, బోర్డు దానికి ఛార్జి ఎక్కించకుండా ఒక డయోడ్ అడ్డం పెట్టాడు. పసుపు బటన్ విప్పి కింది మైక్రోస్విచ్ మార్చాడు. ఖాళీ స్లాట్లో మళ్ళీ ‘సమురాయ్ స్పిరిట్స్’ గుచ్చాడు. ఎన్నో చేతులు పట్టుకున్న ఒంటిని అంత శ్రద్ధగా విప్పి చూసినవాళ్ళు అతనికి ముందు ఎవరూ లేరు.

ఇప్పుడు అతని మేనకోడలు ఆదివారాలు నా ముందు కూర్చుంటోంది. 2019లో, అదే పేరుతో మళ్ళీ నిలదొక్కుకున్న ఎస్‌ఎన్‌కే ‘సమురాయ్ స్పిరిట్స్’ను కొత్తగా తయారు చేసింది. అదే ఏడు లాస్ వేగాస్‌లో జరిగిన ఇవో ఫైటింగ్ గేమ్ పోటీల్లో అదొక ప్రధాన ఆట. ఆ పిల్ల దానితోనే మొదలుపెట్టింది. అందులో పెద్ద వేటుకు విడిగా ఒక బటన్ ఉంది, బిళ్ళ ఖర్చు లేకుండా సాధన చేసుకునే చోటు ఉంది. ఒకనాడు కుర్రాడు తమ్ముణ్ణి నిలబెట్టి నేర్చుకున్నది ఈ పిల్ల ఇంట్లో కూర్చుని ఎంతసేపైనా నేర్చుకోగలదు. నాకు అది చాలా సంతోషం. అయినా మేనమామతో పందెం వేసుకున్నప్పుడు నా దగ్గరికే వస్తుంది. నకొరురుని ఎంచుకుంటుంది. పొట్టి కత్తి కాబట్టి ఎదుటివాడి పెద్ద వేటు తప్పేదాకా బయట ఆగి, తప్పగానే పరుగున లోపలికి వెళ్ళి పొడిచి వచ్చేస్తుంది. ఆ ఆగడం వచ్చేసింది. పైనుంచి దూకేవాణ్ణి గాల్లోనే కొట్టడం ఇంకా చేతకాలేదు. మేనమామ అది కనిపెట్టి పదేపదే దూకుతున్నాడు. నిన్న ఓడిపోయాక లేవకుండా, “ఇంకోసారి, ఈసారి దూకడమొక్కటే చెయ్యి మామయ్యా, నేను చూసుకుంటా” అంది. అతను మొదటి లీవరు దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.