ఎవరి తాలూకమ్మా నువ్వు?

కోనసీమలో పరోపకారానికి కొరత లేదు. అడిగితే చేసేవాళ్లు కొందరు, అడక్కపోయినా చేసేవాళ్లు అందరూ. గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న ఈ కొబ్బరితోటల్లో ఒకడికి జ్వరమొస్తే నాలుగిళ్లవాళ్లు కషాయాలు చెబుతారు, ఇద్దరు బండెక్కించి ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్తారు, ఒకరు ఆ జ్వరం ఎందుకొచ్చిందో ఊరంతా తిరిగి చెప్పొస్తారు. ఇలాంటి చోట సమాజసేవని డిగ్రీ పిల్లలకి పాఠంగా పెట్టడమంటే తాతకి దగ్గు నేర్పడమే. అయినా పెట్టారు.

2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు రాష్ట్ర ఉన్నత విద్యామండలి ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు’ అనేదాన్ని తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం అయ్యాక 180 గంటలు జనంలో తిరగాలి. ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమాలు, ఆఖర్న నివేదిక. బి.కాం. వాడూ, కంప్యూటర్ వాడూ, మొక్కల్ని తప్ప మనుషుల్ని పలకరించని బోటనీ వాడూ, అందరూ 180 గంటలపాటు సోషల్ వర్కర్లే. నేను అమలాపురంలో బి.ఏ. చాలనట్టు ‘సోషల్ వర్క్ మెథడ్స్’ అనే నైపుణ్య కోర్సు కూడా తీసుకున్నాను. సేవాభావం అనుకునేరు. దీనికి బదులు తీసుకోదగ్గ రెండో కోర్సు క్లాసు పొద్దున్న ఎనిమిదింటికి పెట్టారు.

ఇంట్లో నాన్న ఒకటే అడిగారు, “అంటే రేపు వార్డు మెంబరుకి నిలబడతావా?” అని. మేనత్త మాత్రం, ఊళ్లో తగువులు తీర్చడానికి డిగ్రీ కావాలని తెలిస్తే తను ఎప్పుడో యూనివర్సిటీకి వెళ్లేదాన్నని బాధపడింది.

పాఠం మాత్రం బావుండేది. మేరీ రిచ్‌మండ్ అని అమెరికా ఆవిడ 1917లో ‘సోషల్ డయాగ్నసిస్’ అని లావుపాటి పుస్తకం రాసింది. ఒక మనిషికి సాయం చేసేముందు అతన్నొక్కణ్నీ అడిగి ఊరుకోకూడదు, బంధువుల్నీ ఇరుగుపొరుగునీ పనిచేసే చోటునీ వాకబు చెయ్యాలంటుంది. మావైపు పెళ్లి సంబంధాలకి ఇదే పద్ధతి, పుస్తకం లేకుండా నడుస్తోంది. ఆ తర్వాత 1957లో ఫెలిక్స్ బీస్టెక్ అనే ఫాదర్ ఏడు సూత్రాలు చెప్పాడు. మనిషిని ఉన్నవాణ్ని ఉన్నట్టు ఒప్పుకోవాలి, తీర్పులు చెప్పకూడదు, తన నిర్ణయం తననే తీసుకోనివ్వాలి, మనతో చెప్పుకున్న మాట మూడో చెవిన పడకూడదు. నోట్సు రాసుకుంటుంటే నాకు మా ఊరి అరుగులన్నీ గుర్తొచ్చి దిగులేసింది. ఇవన్నీ పాటిస్తే సాయంత్రాలు మాట్లాడుకోడానికి ఏం మిగులుతుంది?

మమ్మల్ని ఊళ్లమీదికి వదిలే ముందురోజు మాస్టారు దుర్గాబాయి సంగతి చెప్పారు. రాజమండ్రిలో పుట్టిన పిల్ల. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరు. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని గుమ్మంలో ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టిందీ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలైందీ ఈ పిల్లే. “సేవ గుమ్మం దగ్గరే మొదలవుతుందమ్మా” అని ముగించారు మాస్టారు.

మర్నాడు నేనూ గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కాకపోతే ఇక్కడ ఆపింది వాళ్లు.

రాజోలు దాటాక వశిష్ఠ గట్టు కింద మా అమ్మమ్మగారి ఊరు. తెలిసిన ఊరైతే పని తేలికని అమ్మ సలహా. నా చేతిలో ప్రశ్నల కాగితాలు, మొదటి ప్రశ్న ‘కుటుంబ యజమాని పేరు’. నోరు తెరిచేలోపే అరుగుమీద మామ్మగారు అందుకున్నారు.

“ఎవరి తాలూకమ్మా నువ్వు?”

చెప్పాను.

“ఓహో, గట్టుమీదింటోళ్ల మనవరాలివా! ఇంతకీ మీ నాన్నోళ్ల ఇంటిపేరేంటి? మీ పెద్దమ్మని మామిడికుదురిచ్చారు కదూ, ఆవిడ రెండో కోడలు కాపురానికొచ్చిందా?”

అంతే. ఎవరి మనవరాలు, ఏ ఇంటిపేరు, పెద్దమ్మని ఎక్కడిచ్చారు. మూడు ప్రశ్నలకి కులం, పొలం, అప్పు, చుట్టరికం, కోడలి అలక అన్నీ బయటికొచ్చేశాయి. మా ప్రశ్నావళిలో ఇవే రాబట్టడానికి పేజీలకి పేజీలు పెట్టారు. పైగా కులం గడి దగ్గరికొచ్చేసరికి నాకు గొంతు పెగలదు. మామ్మగారికి ఆ ఇబ్బంది లేదు, ఆవిడ అసలు ఆ మాటే ఎత్తలేదు కదా.

ఆదాయం గడి ఇంకో అద్భుతం. బియ్యం కార్డుకి పల్లెల్లో నెలాదాయం 10,000 దాటకూడదు, మాగాణి 3 ఎకరాల లోపుండాలి, కరెంటు నెలకి 300 యూనిట్లు మించకూడదు, సొంతానికి కారుండకూడదు. కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా కార్డు తీసేసేవాళ్లేనని ఊరి నమ్మకం. అందుకని ఆ ఊరు ఊరంతా నెలకి తొమ్మిదివేల చిల్లరే సంపాదిస్తోంది. రెండంతస్తుల మేడ, గేటుకి సింహాలు, లోపల ఏసీ గురక. ఆదాయం తొమ్మిదివేల ఎనిమిదొందలు.

“మరి ఆ కారండీ?”

“మా బావమరిదిదమ్మా. ఇక్కడ నీడుందని పెట్టుకున్నాడు.”

నా పట్టికల ప్రకారం ఆ ఊళ్లో ఆర్థిక అసమానతలు లేవు. కార్ల్ మార్క్స్ చూస్తే ఆనందబాష్పాలు రాల్చేవాడు. లెక్క సరిగ్గా చెప్పినవాళ్లు నిజంగా లేనివాళ్లే. కొబ్బరి దింపు కూలీలూ ఒలుపు కూలీలూ ఏ నెల ఎన్నాళ్లు పని దొరికిందో, ఎన్నాళ్లు ఖాళీగా కూర్చున్నారో వేళ్లమీద చెప్పారు. వాళ్లకి దాచుకోడానికేం లేదు మరి.

చెప్పిన మాట మూడో చెవిన పడకూడదన్న బీస్టెక్ గారి సూత్రం రెండో ఇంటిదాకా కూడా బతకలేదు. నేను గేటు తీసేసరికే నా ప్రశ్నలు జవాబులతో సహా అక్కడికి చేరిపోయాయి. “పక్కింటోళ్లు అప్పుల్లేవని రాయించారంట కదా! కొట్టెయ్. డ్వాక్రాలో ఎంతో, చీటీల్లో ఎంతో నేను చెప్తా, రాసుకో.” ఒక సంగతిని రెండు మూడు వైపుల నుంచి సరిచూసుకోవడాన్ని పరిశోధన పాఠంలో ‘ట్రయాంగ్యులేషన్’ అంటారు. దీనికోసం పెద్ద పెద్ద సంస్థలు డబ్బు ఖర్చు పెడతాయట. మావైపు ప్రహరీగోడ తక్కువ ఎత్తుంటే చాలు.

ఇక బొండాలు. మనం సేవ చేసేవాళ్ల దగ్గర కానుకలు పుచ్చుకోకూడదని వృత్తి ధర్మం. ఆ ధర్మం రాసినవాళ్లెవరూ కొబ్బరిబొండం వద్దని కోనసీమలో బతికి బయటపడినవాళ్లు కారు. వద్దంటే “మా ఇంట్లో పుచ్చుకోవా?” అంటారు. అందులో ఎప్పటిదో గట్టు తగాదా ఉంటుంది, ఆగిపోయిన పెళ్లి ఉంటుంది. ఊరి చివరి పేటలో అయితే ఆ ప్రశ్నకి అంతకంటే పాత అర్థం ఉంది. అందుకని ఇంటింటా తాగాను. ఆ సర్వే మొత్తంలో ఏ అనుమానానికీ తావులేకుండా రుజువైన విషయం ఒకటే, నా కిడ్నీలు బాగా పనిచేస్తున్నాయి.

సోషల్ మ్యాపింగ్ అని ఇంకోటుంది. రాబర్ట్ ఛాంబర్స్ లాంటి పెద్దలు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. చదువుకున్నవాళ్లు పటం గియ్యడం కాదు, ఊరివాళ్లచేతే నేలమీద ఊరి పటం గీయించాలి. పుస్తకంలో పుల్లలూ గింజలూ వాడమన్నారు. మా ఆడవాళ్లకి ముగ్గుపిండి గిన్నె అందిస్తే సరిపోయింది. రామాలయం నడిమధ్య పెట్టి, కాలవ తిప్పి, వీధులు లాగి, ఇంటింటికీ గడి వేసి, ఎవరికెవరితో మాటల్లేవో అక్కడ అడ్డగీత కూడా పెట్టేశారు. పేట దగ్గరకొచ్చేసరికి చివర్న నాలుగు చుక్కలు పడ్డాయి. “అక్కడెన్నిళ్లున్నాయండీ?” అంటే, “ఉంటాయిలే, బోలెడు” అన్నారు.

పేటలో ఇంకోరోజు గీయించాను. చర్చి మధ్యలో, ఎదురుగా అంబేడ్కర్ విగ్రహం, ఆ పక్కన నీళ్లెక్కని ఓవర్‌హెడ్ ట్యాంకు. ఇళ్లన్నీ పేరుపేరునా ఉన్నాయి. మూలకి ఒక వంకరగీత.

“ఇదేంటి పిన్నీ?”

“ఊరు.”

“ఇళ్లు వెయ్యలేదే?”

“ఆళ్లు మనయ్యి ఏశారా?”

నివేదికలో పటం ఒక్కటే పెట్టాలన్నారు. నేను రెండూ అతికించాను. పేజీ చాలక మడత పెట్టాల్సొచ్చింది, దానికి బైండింగు షాపాయన అదనంగా తీసుకున్నాడు.

‘వృత్తి’ గడి దగ్గర ఒకింట్లో ఆయన చకచకా రాయించారు. యజమాని తనే, వృత్తి వ్యవసాయం, భార్య “ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే”. కాఫీ తెచ్చినావిడ గ్లాసు నా చేతిలో పెట్టి, “ఏ ఇంట్లోనో కూడా రాసుకోమ్మా” అంది. కువైట్‌లో, పన్నెండేళ్లు. ఆ మేడా, ఆ బోరూ, ఆయన నడిపే బండీ అన్నీ ఆవిడ పంపిన దినార్లే. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఇలాంటి ఆడవాళ్లు వీధికొకరు దొరుకుతారు. తమ పిల్లల్ని అమ్మమ్మలకప్పగించి వెళ్లి, అక్కడ ఇంకొకరి పిల్లల్ని పెంచి వచ్చినవాళ్లు. మా ప్రశ్నావళిలో ఉన్న గడులు నాలుగు: గృహిణి, కూలీ, ఉద్యోగి, ఇతరం. నేను ‘ఇతరం’లో టిక్కు పెట్టాను. ఆవిడ అది చూసి అరబ్బీలో ఏదో అని నవ్వింది. తర్వాత అసలు విషయానికొచ్చింది.

“ఇలా ఎండలో తిరిగినందుకు నీకెంతిస్తారమ్మా?”

“డబ్బులివ్వరండీ, మార్కులు.”

“అయ్యో! ఏజెంటెవరు?”

అవగాహన కార్యక్రమాల్లో ప్లాస్టిక్ వద్దని ర్యాలీ తీశాం, ప్లాస్టిక్ ఫ్లెక్సీ పట్టుకుని. ర్యాలీ అయ్యాక అందరికీ వాటర్ ప్యాకెట్లు పంచారు. దానిమీద ఇంతకంటే చెప్పడానికేం లేదు. విపత్తుల మీద అవగాహన మాత్రం కల్పించాను. కాకపోతే కలిగింది నాకు. 2022 జూలై వరద అప్పటికింకా పచ్చిగానే ఉంది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు, లంకల్లో ఇళ్లని ముంచింది. నేను మామ్మగారి దగ్గర కూర్చుని, “వరదప్పుడు ముఖ్యమైన కాగితాలు ఎత్తులో పెట్టుకోవాలండీ” అని మొదలెట్టాను.

“86లో అటకమీదే పెట్టాం. అటకే పోయింది” అన్నారు మామ్మగారు.

“అంటే, ఇంకొంచెం గట్టి చోట...”

“96 తుపానుకి కప్పే లేచిపోయింది. అప్పట్నుంచీ కాయితాలు రాజోల్లో మా తమ్ముడింట్లో ఉంటాయి. ఊఁ, ఇంకా ఏం చెప్తావో చెప్పు.”

నేనేం చెప్తాను, ఆవిడే చెప్పారు. ఏటిగట్టు ఏ మలుపులో ముందు మెత్తబడుతుందో, పశువుల్ని ఏ పూట గట్టెక్కించాలో, మొదటి పడవ ఎవరింటికొస్తుందో, అది ఎప్పుడూ ఆ ఇంటికే ముందెందుకొస్తుందో. ఈ ఆఖరిదానికి విపత్తు నిర్వహణ పాఠంలో ఏ అధ్యాయంలోనూ చోటు లేదు. లాగ్ బుక్కులో ఆరోజు ‘నేర్చుకున్న అంశం’ అనే గడి ఎదురుగా రాద్దామనుకుని, ఆ పడవ ఆయన ఎవరికి చుట్టమో గుర్తొచ్చి, ‘విపత్తు సమయంలో స్థానిక నాయకత్వ పాత్ర’ అని రాశాను. మాస్టారు పక్కన ‘గుడ్’ అని పెట్టారు.

నివేదిక ఆఖర్న సిఫార్సులు రాయాలి. ట్యాంకుకి నీళ్లెక్కించాలని మొట్టమొదటే రాశాను. వైవాలో ఆ పేజీ బావుందన్నారు. మార్కులు బాగానే పడ్డాయి, నివేదికలన్నిటితో పాటు నాదీ కట్టలో పడింది.

ఏడాది తిరిగేసరికి మా జూనియరు ఒకమ్మాయి అదే ఊరికి బయల్దేరింది. మామ్మగారు ఎప్పట్లాగే ఎవరి తాలూకో తేల్చుకుని, కాగితాలు చూసి, “గట్టుమీదింటోళ్ల మనవరాలు పోయినేడు అన్నీ రాసుకెళ్లింది. అయ్యే ఎక్కించేసుకో. ధరలు పెరిగాయి కాబట్టి ఆదాయం ఓ వంద పెంచు, పదివేలు మాత్రం దాటనివ్వకు” అన్నారట.

పేటలోకి వెళ్లి ముగ్గుపిండి తీస్తే, అక్కడి పిన్ని గిన్నె అందుకుని చీరచెంగు దోపుకుందట. “పటమేగా, ఏస్తాం. ముందు పోయినేడాదిది ఎక్కడెట్టారో చెప్పు.”