ఏటేటా అధిక మాసం

మన పంచాంగకర్తలు మహా పొదుపరులు. చాంద్రమానానికీ సౌరమానానికీ లెక్క తేడా వస్తే సుమారు మూడేళ్లకోసారి ఒక అధిక మాసం వేసి సర్దేశారు. టెలిఫోన్ కంపెనీలకి అంత పిసినారితనం లేదు. వాళ్ల రీఛార్జిమానంలో అధిక మాసం ప్రతి ఏడాదీ వస్తుంది. నెలకి ఇరవై ఎనిమిది రోజులు. ఫిబ్రవరిని ఆదర్శంగా తీసుకుని మిగతా పదకొండు నెలల్నీ దాని దారికి తెచ్చారు. ఇరవై ఎనిమిదిని పదమూడుతో హెచ్చవేస్తే 364. అంటే ఏడాదిలో పదమూడు సార్లు కట్టాక కూడా ఇంకొక రోజుకి మనమే ఏదో ఒకటి చూసుకోవాలి. సాక్షాత్తూ చంద్రుడే అమావాస్య నుంచి అమావాస్యకి ఇరవై తొమ్మిదిన్నర రోజులు తీసుకుంటాడు. జీతం పన్నెండు సార్లే వస్తుందన్న సంగతి సరే, అది కంపెనీల తప్పు కాదు. అధిక మాసంలో పెళ్లిళ్లు చెయ్యరు గానీ రీఛార్జికి దోషం లేదు.

దీనిమీద జనం గోల పెట్టకపోలేదు. 2022 జనవరిలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, ప్రతి కంపెనీ ఒక్కో రకంలో కనీసం ఒక్క ప్లానైనా ముప్ఫై రోజులకి ఇవ్వాలనీ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది కూడా ఒకటి ఉండాలనీ చెప్పింది. కంపెనీలు చేతులు కట్టుకుని సరేనన్నాయి. పెట్టమన్నారు, పెట్టారు. కనపడేలా పెట్టమని ఎవరూ అనలేదు. యాప్ తెరవగానే ‘పాపులర్’, ‘ట్రెండింగ్’, ‘బెస్ట్ సెల్లర్’ అని వరసగా నిలబడి పలకరించేవన్నీ ఇరవై ఎనిమిది రోజుల సంతానమే. ముప్ఫై రోజులవాడు ఎక్కడో అడుగున, వేలు నొప్పి పుట్టాక దొరుకుతాడు.

కాస్త కాగితం, పెన్సిలు తీసుకుంటే ఇంకో వింత కనిపిస్తుంది. 2024 జూలైలో అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే వారంలో రేట్లు పెంచారు కదా. ఆ పెంపు తర్వాత జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే ఇరవై ఎనిమిది రోజుల ప్లాను 299 అయింది. పదమూడు సార్లు వేయిస్తే 3,887. అదే కంపెనీ ఏడాది ప్లాను 3,599. రోజుకి రెండున్నర జీబీ, పూర్తిగా 365 రోజులు. అంటే నెలనెలా కట్టుకునేవాడు 288 రూపాయలు ఎక్కువిచ్చి, రోజుకి ఒక జీబీ, ఏడాదికి ఒక రోజు తక్కువ పుచ్చుకుంటున్నాడు. ఒక్కసారే మూడున్నర వేలు తీసి ఇవ్వగలిగినవాడికి చౌక, ఇవ్వలేనివాడికి ప్రియం. లేనివాడి దగ్గరే ఎక్కువ తీసుకోవాలన్న ఈ సూత్రం కొత్తదేం కాదు, మన వడ్డీ వ్యాపారులు ఎప్పుడో కనిపెట్టిందే. వాళ్లకి యాప్ లేదు, అంతే.

సరే, ఒక ఇంటిని తీసుకుందాం. విజయవాడ సత్యనారాయణపురంలో అనుకోండి. తాతగారు, నాయనమ్మ, మొగుడూ పెళ్లాలు, డిగ్రీ చదివే పిల్ల, ఇంటర్ చదువుతున్నానని చెప్పే పిల్లాడు. మనుషులు ఆరుగురు, ఫోన్లు ఆరు. ఇంట్లో వైఫై ఉంది. అది ప్రకటనలో 399, బిల్లులో 471. ఆ తేడా పద్దెనిమిది శాతం జీఎస్టీ. ప్రకటనలో దాన్ని కూడా వేస్తారు, భూతద్దం పెట్టుకుంటే కనిపిస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఆరుగురూ వైఫైలోనే ఉంటారు. అయినా ఆరు ఫోన్లలోనూ రోజుకి ఒకటిన్నర జీబీ. రాత్రి పన్నెండు కొట్టగానే వాడనిదంతా పరమపదిస్తుంది. ఒకే సరుకుని రెండు దుకాణాల్లో కొని ఒకదాన్ని వీధిలో పారబోసే ఇల్లాలిని మనం మెచ్చుకోం. ఇక్కడ మాత్రం ‘ఉండనివ్వండి, ఎప్పుడేం అవసరమో’ అంటాం.

ఈ ఇంట్లో నాకు ముచ్చటగా కనిపించేది తాతగారు. ఆయన ట్రంకు కాల్ బుక్ చేసి పొద్దుటి నుంచి పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్న మనిషి. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటని నిద్ర ఆపుకుని బూత్ ముందు నిలబడ్డ మనిషి. సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో, అవతలివాడు ఫోన్ చేస్తే ఎత్తినందుకు తనే డబ్బు కట్టిన మనిషి. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది అన్‌లిమిటెడ్ ప్యాకు. దేశంలో ఎవరితోనైనా, ఎంతసేపైనా. ఆ ప్యాకు జేబులో వేసుకుని ఊరెళ్లి, ‘క్షేమంగా చేరాక మిస్డ్ కాల్ ఇస్తానర్రా, ఎత్తకండి’ అంటారు. నెట్ అంటారా, ఏదో నొక్కితే ఏదో అవుతుందని మనవడు ఎప్పుడో ఆపేసి పెట్టాడు. అయినా కొడుకు క్రమం తప్పకుండా ఆయనకి రోజుకి ఒకటిన్నర జీబీ సమర్పిస్తూనే ఉన్నాడు. పితృభక్తి.

ఇలాంటి తాతగార్ల కోసమే 2024 డిసెంబర్లో ట్రాయ్ ఇంకో మాట చెప్పింది: డేటా అక్కర్లేనివాళ్లకి మాటలు, మెసేజిలు మాత్రమే ఉన్న ప్యాకులు ఇవ్వండి అని. ఆ తర్వాత జరిగినది పాఠ్యపుస్తకాల్లో పెట్టదగ్గ లెక్క. ఎయిర్‌టెల్‌లో అప్పటికి ఎనభై నాలుగు రోజుల ప్యాకు ఒకటి 509కి ఉండేది, ఆరు జీబీ డేటాతో. ఆజ్ఞ శిరసావహించి అందులోంచి ఆ ఆరు జీబీ తీసేశారు. ధర 499 చేశారు. అంటే ఆరు జీబీ ఖరీదు అక్షరాలా పది రూపాయలు! ఆ రోజుల్లోనే విడిగా ఒక్క జీబీ వేయించుకుంటే 22. మనకి అమ్మేటప్పుడు ఒక తూకం, మన దగ్గర తీసేసుకునేటప్పుడు ఇంకో తూకం. కొత్త ప్యాకుల్ని పరిశీలిస్తామని ట్రాయ్ గొంతు సవరించుకునేసరికి 499 కాస్తా 469 అయింది, ఏడాది ప్యాకు 1,959 నుంచి 1,849కి దిగింది. గొంతు సవరించుకుంటేనే నూట పది తగ్గింది. గట్టిగా దగ్గి ఉంటే ఎంత తగ్గేదో. ఆ 1,849 అంటే రోజుకి అయిదు రూపాయలు, తాతగారి పేరున ప్రస్తుతం కడుతున్న దాంట్లో సగానికి తక్కువ. ఈ ప్యాకు గురించి ఏ సినిమా హీరో అయినా కారులోంచి దిగి చెప్పగా నేను చూడలేదు.

ఇక కేబుల్. ఇదొక పురాణం, తొందరపడితే కుదరదు.

పూర్వం కేబుల్ అబ్బాయి నెల మొదట్లో వచ్చి తలుపు కొట్టేవాడు. ‘అయ్యగారు లేరు, రేపు రా’ అంటే మర్నాడు వచ్చేవాడు. రెండొందలో, రెండొందల యాభయ్యో ఇస్తే ఉన్న ఛానళ్లన్నీ మనవే. ఏం వస్తున్నాయో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. ఇది అన్యాయమని, చూసినదానికే డబ్బు కట్టే స్వేచ్ఛ వినియోగదారుడికి ఉండాలని ట్రాయ్ సంకల్పించింది. 2019 ఫిబ్రవరి నుంచి ఆ స్వేచ్ఛ మన నట్టింట్లోకి వచ్చింది. ముందుగా ఏమీ చూడకుండానే 130 రూపాయలు, దానిమీద జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. ఇది వైరు వచ్చినందుకు. దీనికి వంద ఛానళ్లు. అందులో పాతిక దాకా దూరదర్శన్ వారివే. మనకి కావలసినవి దానిపైన. బొకేలో, అంటే కట్టగట్టి అమ్మే ప్యాకులో, చేర్చే ఛానల్ ఏదీ 19 రూపాయలు మించకూడదని నిబంధన పెడితే, పెద్ద ఛానళ్లన్నీ ఆ 19 దగ్గరే మఠం వేసుకుని కూర్చున్నాయి.

ఆ రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల ఇళ్లలో జరిగినంత చర్చ చట్టసభల్లో కూడా జరిగి ఉండదు. నాయనమ్మకి భక్తి ఛానల్ లేకపోతే పొద్దు గడవదు. అత్తగారి సీరియల్ ఒక నెట్‌వర్కుది, కోడలి సీరియల్ పోటీ నెట్‌వర్కుది; ఎవరిది తీసినా ఇంటాయన భోజనం సంగతి తేలదు. పిల్లలకి బొమ్మలు, బావమరిది వచ్చినప్పుడు క్రికెట్టు. మనిషికొకటి ఏరుకుంటూ పోయి కూడి చూస్తే పాత బిల్లు ఎక్కడో కింద చిన్నగా కనిపించింది. ‘ఎందుకండీ ఈ తలనొప్పి, బొకే తీసుకోండి’ అన్నాడు కేబుల్ అబ్బాయి. కావలసినవి నాలుగు విడిగా కొనే డబ్బుకి అక్కర్లేనివి ఇరవై కలిపి వస్తున్నాయి మరి. చివరికి అందరూ ‘ఆపరేటర్ ప్యాకు’ అనేదొకటి తీసుకుని స్వేచ్ఛ నుంచి విముక్తులయ్యారు. అందులో ఉన్నవి పాత ఛానళ్లే. బిల్లు మాత్రం చాలా ఇళ్లలో పెరిగింది. తర్వాత 2020లో ఆ 130కే రెండొందల ఛానళ్లు ఇవ్వమన్నారు. 2024 జూలైకి వచ్చేసరికి అసలు ఆ వైరు రుసుముకి పరిమితే ఎత్తేశారు. ఎంత తీసుకోవాలో మార్కెట్ తేల్చుకుంటుందట. మార్కెట్ అంటే మా వీధికి ఉన్న ఒకే ఒక్క కేబుల్ అతను. తేల్చుకున్నాడు.

మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఆశ మెరవకపోలేదు. 2016 చివర్లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదలైంది. టీవీ, నెట్, ఫోను మూడూ కలిపి నెలకి 149 రూపాయలు అన్నారు. ప్రభుత్వాలు మారాయి, ప్లాన్లూ మారాయి; 149 మాత్రం పాత కరపత్రాల్లో చెక్కుచెదరకుండా ఉంది. అసలు నెల బిల్లే లేని మార్గం 2004 నుంచీ ఉంది. దూరదర్శన్ ఫ్రీ డిష్. గొడుగు, బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే చాలు, ఆపైన దమ్మిడీ కట్టక్కర్లేదు. సప్తగిరి, యాదగిరి హాయిగా వస్తాయి. ఈ మాట ఏ ఇంట్లోనైనా అత్తగారి ముందు అనే ధైర్యం ఉన్న అల్లుడికి పొదుపు చిట్కాలు అక్కర్లేదు, ఇంకేదో రక్షణ కావాలి.

కేబుల్ విసిగించిందని యువతరం ఓటీటీకి వెళ్లింది. ఎందుకయ్యా అంటే ప్రకటనల బెడద ఉండదన్నారు. అమెజాన్ ప్రైమ్ 2016లో ఏడాదికి 499తో వచ్చింది. మరుసటి ఏడాదికి 999, ఇంకొన్నాళ్లకి 1,499. 2025 జూన్ నుంచి వీడియోల మధ్య ప్రకటనలు వచ్చాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు. ముప్ఫై ఏళ్ల కిందట కేబుల్ అబ్బాయి ప్రకటనలు చూపించి డబ్బు తీసుకునేవాడు. చూపించకుండా ఉండటానికి విడిగా తీసుకోవచ్చన్న ఆలోచన పాపం అతనికి తట్టలేదు. ఇవి కాక సినిమా ఒకదాంట్లో, దాని రెండో భాగం ఇంకోదాంట్లో. ఒకసారి చందా కట్టాక అది ఆటోపే. డబ్బు తీసుకోబోయే ముందురోజు మెసేజ్ పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. పెడతారు. లోను కావాలా, ప్లాటు కావాలా, జుట్టు మొలవాలా అన్న మెసేజిల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఎవరైనా ఒక ఆదివారం యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట నొక్కి చూస్తే, ఏనాడో పండక్కి ఒక్క సినిమా కోసం కట్టిన చందాలు ఇంకా సజీవంగా దర్శనమిస్తాయి.

ఇన్నింటి మధ్య బిల్లు నిజంగా తగ్గించిన మనిషిని మా వీధిలో ఒక్కరినే ఎరుగుదును. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన సూత్రం చిన్నది: కంపెనీకి మన మీద ప్రేమ మనం వెళ్లిపోతామన్నప్పుడే పుడుతుంది. నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. పోర్ట్ అని, పక్కన మన నంబరు టైపు చేసి 1900కి మెసేజ్ కొట్టడమే. కొత్తగా చేరేవాడికి కంపెనీ పీట వేస్తుంది, పదేళ్లుగా కడుతున్నవాణ్ణి ఎవరని కూడా అడగదు. మెసేజ్ వెళ్లిందంటే మాత్రం పావుగంటలో పేరు పెట్టి పిలుస్తుంది. ఇలా చాటుగా కొందరికే ఇచ్చే వేరే రేట్ల వివరాలు ట్రాయ్‌కి చెప్పాలా వద్దా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. మాస్టారికి ఆ తగాదాతో పని లేదు. మెసేజ్ కొట్టి, ఫోను పక్కన పెట్టుకుని, కాఫీ కలుపుకున్నారు.

“సార్, ఇన్నేళ్లుగా మాతో ఉన్నారు, ఎందుకు వెళ్లిపోతున్నారు?” అంది అవతలి అమ్మాయి, చాలా నొచ్చుకున్నట్టు.

“రేటు ఎక్కువమ్మా.”

“మీకోసం ప్రత్యేకంగా ఒక ఆఫర్ ఉంది సార్. ఇప్పుడు కడుతున్న దాంట్లో మూడో వంతు తగ్గుతుంది.”

“అది ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు సంతృప్తిగా ఉన్న కస్టమర్ అని సిస్టమ్‌లో ఉంది సార్.”

“ఆ సంతృప్తి తీసేయించుకోవాలంటే నేనేం చెయ్యాలి?”

“ఇప్పుడు చేశారు కదా సార్,” అంది ఆ అమ్మాయి.

మర్నాడు పొద్దున్న మాస్టారి ఇంట్లో మిగిలిన మూడు ఫోన్ల నుంచీ 1900కి మెసేజ్ వెళ్లింది.