నెల రోజుల పుణ్యం

మన దేశానికి టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయుడు తాజ్‌మహల్ చూడొచ్చు, యోగా నేర్చుకోవచ్చు, స్నేహితుల్ని పలకరించొచ్చు. మనసు పుడితే సేవ కూడా చేసుకోవచ్చు. దానికి మాత్రం రెండు షరతులు: పైసా పుచ్చుకోకూడదు, నెల దాటకూడదు. ఇది నేను కల్పించింది కాదు, వీసా నిబంధనల్లో ఉన్న మాటే. ముప్ఫయ్యో రోజు దాకా మీరు పుణ్యాత్ములు. ముప్ఫై ఒకటో రోజున కూడా రోగి పుండుకు కట్టు కడుతూ కనబడ్డారా, నిబంధన మీరినవారు.

ఈ నిబంధన రాసిన అధికారి ఎవరో గానీ మనిషి స్వభావం బాగా ఎరిగినవాడు. కొత్తల్లుడి మీద అత్తారికుండే ముచ్చటలాగా సేవాభావం కూడా నెల దాటితే పలచబడుతుందని ఆయన ముందే కనిపెట్టాడు.

ఈ నెల రోజుల పుణ్యానికి మన దేశంలో పేరున్న సంత కోల్‌కతా. ఇండియన్ మ్యూజియం పక్కనే సదర్ స్ట్రీట్ ఉంది. చవక లాడ్జీలు, డబ్బు మార్చే కొట్లు, అరటిపండు పాన్‌కేకులు, ఏనుగు బొమ్మల పైజామాలు. ఆ వీధిలోనే ఒకప్పుడు అన్నగారింట్లో ఉండగా రవీంద్రుడికి ఒక ఉదయం సూర్యోదయం చూస్తూ లోకమంతా కొత్తగా కనిపించిందట. కవి అక్కణ్ణుంచి ఒక గొప్ప గీతం పట్టుకెళ్లాడు. ఇప్పుడు వచ్చేవాళ్లకూ లోకం కొత్తగానే కనిపిస్తుంది గానీ, వాళ్లు ఫోటోలు పట్టుకెళ్తారు.

మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీలో సేవకు చేరడం మన రేషన్ కార్డు సంపాదించడం కన్నా తేలిక. శిశుభవన్‌కు వెళ్లి పేరు నమోదు చేసుకుంటారు. మర్నాడు పొద్దున్నే ఏజేసీ బోస్ రోడ్డులోని 54ఏ, అంటే మదర్ హౌస్‌కి వెళ్తే రొట్టె, అరటిపండు, టీ ఇస్తారు. ప్రార్థన అయ్యాక కొందరు ప్రేమ్ దాన్‌కి, కొందరు కాళీఘాట్‌లోని నిర్మల్ హృదయ్‌కి, అంటే సంస్థ నడిపే రోగుల నివాసాలకు, బస్సుల్లో బయల్దేరతారు. గురువారం సెలవు. వాలంటీర్లకు మాత్రమే, రోగులకు కాదు. వెళ్లిపోయే రోజున అందరూ చుట్టూ చేరి, పాట పాడి సాగనంపుతారు. నలభై ఏళ్లు సర్కారు బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మన మాస్టార్లకు శాలువా కోసమే చందాలు పోగెయ్యాల్సి వస్తుంది. అక్కడ పది రోజులు ఉన్నా పాట గ్యారంటీ.

అక్కడ జరిగే పనుల్లో నాకు బాగా నచ్చింది బట్టలుతకడం. తెల్లదొరల పిల్లలు, ఇంట్లో మెషీన్ బటన్ నొక్కడానికి కూడా బద్ధకించేవాళ్లు, అక్కడ దుప్పట్లు చేత్తో ఉతికి, ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండి, మేడ మీద ఆరేస్తారు. నాలుగు మెషీన్లు కొని పడేస్తే సరిపోదా అని విమర్శకులు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. పేదల మధ్య పేదల్లాగే బతకాలన్నది మా వ్రతం అని సంస్థ చెబుతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ అసలు చిక్కు ఎవరూ చెప్పరు: మెషీన్ వస్తే బార్సిలోనా నుంచి విమానమెక్కి వచ్చిన అమ్మాయికి ఏం పని చెబుతారు? ఆమెకు హిందీ రాదు, బెంగాలీ రాదు, వైద్యం రాదు. వచ్చిందల్లా మంచి మనసు. మంచి మనసుకు సరిపడా పని సృష్టించడం కూడా ఒక సేవే.

మంచి మనసు చాలని చోట్లు కూడా ఉంటాయి. 1994లో ద లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ నివాసాన్ని చూసి రాశాడు. డాక్టర్లు అప్పుడప్పుడు వచ్చిపోతారని, మిగతా వేళల్లో సిస్టర్లూ వాలంటీర్లే తోచినట్టు నిర్ణయాలు తీసుకుంటారని, గట్టి నొప్పి మందులు లేవని ఆయన ఫిర్యాదు. అదే ఏడాది జర్నలిస్టు క్రిస్టఫర్ హిచెన్స్ టీవీలో సంస్థ దుమ్ము దులిపాడు. అంత దుమ్ము రేగాక జనం రావడం తగ్గుతుందనుకున్నారేమో. 2016లో తెరెసాను వాటికన్ సెయింట్‌గా ప్రకటించింది. సదర్ స్ట్రీట్‌లో గదులు ఖాళీగా పడున్నాయని ఎవరూ అనలేదు.

ఇక చేతిరిక్షా సంగతి. మనిషిని మనిషి లాగే బండి ఇంకా మిగిలిన నగరం కోల్‌కతా. దొర ముందు నిర్ఘాంతపోతాడు. ఫోటో తీస్తాడు. ఎక్కడం మహాపాపమని చెప్పి నడిచి వెళ్లిపోతాడు. అంతరాత్మ శుభ్రంగా ఉంటుంది, రిక్షావాడి జేబు కూడా అంతే శుభ్రంగా ఉంటుంది. ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియెర్ హౌరాలోని పిల్ఖానా బస్తీ చుట్టూ 1985లో ‘సిటీ ఆఫ్ జాయ్’ రాశాడు. అందులోనూ ఒక రిక్షావాడు, ఒక తెల్ల ఫాదరీ, ఒక అమెరికన్ డాక్టరు. ఆయన రాయల్టీలో సగం బస్తీ జనానికే ఖర్చుపెట్టాడు గనుక ఆయన్ని నేనేమీ అనను. ఆ నవలను సినిమాగా తీయడానికి వచ్చిన రోలండ్ జాఫేను మాత్రం నగరం ఊరేగింపులతోనూ నాటుబాంబులతోనూ సత్కరించింది. మా పేదరికాన్ని మేం తీస్తే కళ, మీరు తీస్తే అవమానం అని దాని భావం. బిమల్ రాయ్ 1953లోనే ‘దో బీఘా జమీన్’లో ఇదే రిక్షాను చూపించాడు కదా అంటే, ఆయన మావాడు.

అసలు చిక్కు నెల రోజులకు వెళ్లిపోయేవాళ్లతో కాదు, వెళ్లనివాళ్లతో. మిడిల్టన్ రో ఫుట్‌పాత్ మీద జాక్ ప్రెగర్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఉండేవాడు. వేల్స్‌లో వ్యవసాయం చేసుకుంటూ ఉన్నట్టుండి డాక్టరై పేదలకు వైద్యం చేయాలనుకున్నాడు. చదివి, బంగ్లాదేశ్ వెళ్లాడు. అక్కడ పిల్లల అక్రమ రవాణా గురించి నోరు విప్పినందుకు గెంటేశారు. కోల్‌కతా వచ్చి టార్పాలిన్ కింద రోగుల్ని చూడడం మొదలుపెట్టాడు. మన ప్రభుత్వం ఆయన సేవను గుర్తించింది. గుర్తించి జైల్లో పెట్టింది. అనుమతి లేదు, కాగితాలు లేవు అని కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆయన ఉదయం రోగుల్ని, మధ్యాహ్నం జడ్జీల్ని చూస్తూ కాలక్షేపం చేశాడు. చివరికి కలకత్తా రెస్క్యూ అనే సంస్థ నిలబడింది. నాలుగు దశాబ్దాలకు దగ్గరగా ఆ నగరంలో ఉండి, ముసలితనంలో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన వీసా కోసం నిలబడ్డ క్యూలన్నీ కలిపితే ఎక్కడిదాకా సాగుతాయో మరి.

క్యూ అంటే గుర్తొచ్చింది. విదేశీయుల నమోదు ఆఫీసు, అందరూ ఎఫ్ఆర్ఆర్ఓ అంటారే, అది కోల్‌కతాలో ఎక్కడుందనుకున్నారు? అదే ఏజేసీ బోస్ రోడ్డులో, 237 నంబరు దగ్గర. ఒకే రోడ్డుకు ఈ పక్క స్వర్గానికి నమోదు, ఆ పక్క భారతదేశానికి నమోదు. రెండింట్లో ఏది త్వరగా పూర్తవుతుందో అనుభవజ్ఞుల్ని అడగండి. 2021 క్రిస్మస్ రోజున ఏకంగా మిషనరీస్ ఆఫ్ ఛారిటీకే విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ నిరాకరించారు. రెండు వారాలకు మళ్లీ ఇచ్చారు. సెయింటు స్థాపించిన సంస్థ అయినా సరే, ఫైలు ఫైలే.

ఇప్పటి నిబంధనలే ఆ రోజుల్లో ఉండి, మార్గరెట్ నోబుల్ అనే ఐరిష్ పంతులమ్మ టూరిస్టు వీసా మీద వచ్చి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి. ఆమె 1898 జనవరి 28న కలకత్తాలో ఓడ దిగింది. అంటే ఫిబ్రవరి నెలాఖరుకు సేవ బంద్. నవంబరులో బాగ్‌బజార్ బోసుపాడా సందులో ఆడపిల్లల బడి తెరిచింది: నిబంధన ఉల్లంఘన. 1899లో ప్లేగు వస్తే స్వయంగా చీపురు పట్టి వీధులు ఊడ్చింది. ఆవిణ్ణి చూసి సిగ్గుపడి కుర్రాళ్లు తలా ఒక చీపురు అందుకున్నారు: తీవ్రమైన ఉల్లంఘన, పైగా స్థానికుల్ని ప్రోత్సహించడం. ఆ పంతులమ్మే సోదరి నివేదిత. ఆవిడ పేరిట ఈనాడు మనం విగ్రహాలు పెట్టుకుంటున్నామంటే, అప్పట్లో ఎఫ్ఆర్ఆర్ఓ లేకపోవడమే కారణం.

ఇంతకీ కోల్‌కతా చుట్టుపక్కల పరాయివాళ్లుగా బతికింది తెల్లవాళ్లేనా? హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ వైపు జూట్ మిల్లుల్లోకి గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్లు వందేళ్ల కిందటే పోయారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు చుట్టూ తెలుగు పేటలే వెలిశాయి. వాళ్లు కూడా భాష రాని ఊళ్లో, ఇరుకు గదుల్లో, పేదల మధ్య పేదల్లాగే బతికారు. వ్రతం పట్టి కాదు, వేరే దారి లేక. వాళ్ల గురించి ఏ ఫ్రెంచివాడూ నవల రాయలేదు. వెళ్లేటప్పుడు పాట పాడిన వాళ్లూ లేరు, వెళ్లనే లేదు కాబట్టి. ఎట్టకేలకు 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించింది. తర్వాతి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎన్నికలు రావడం కేవలం కాకతాళీయం.

సేవ విషయంలో మనమేం తక్కువ తిన్నాం గనుక! ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రతి 50 ఇళ్లకూ ఒక వాలంటీరును పెట్టి, నెలకు 5 వేలిచ్చి, జీతం పెంచమని అడిగితే ఇది ఉద్యోగం కాదు, సేవ అన్నారు. సేవే కదా అని చేస్తుంటే ప్రభుత్వం మారింది, సేవ ఆగింది. డాలస్‌లో, అట్లాంటాలో మన పిల్లలది ఇంకో రకం సేవ. ఎంఎస్ పూర్తయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాళ్లు మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే హోదా పోతుంది. ఉద్యోగం దొరకనివాడు వారానికి కనీసం 20 గంటలు, చదివిన చదువుకు సంబంధించిన పనేదో ఉచితంగా చేస్తే ఖాళీగా ఉన్నట్టు లెక్కకాదు. అలా పాతిక లక్షలు అప్పుచేసి అమెరికా చదివిన కుర్రాడు ఏదో చర్చి కంప్యూటర్లకు ఉచితంగా మరమ్మతు చేస్తున్నాడు. అదే సమయంలో ఆ చర్చికొచ్చే పిల్లవాడు కాళీఘాట్‌లో దుప్పట్లు పిండుతున్నాడు. ఇద్దరూ వాలంటీర్లే. ఒకడు వీసా కోసం, ఇంకొకడు కాలేజీ దరఖాస్తు వ్యాసం కోసం. ఎవరి సేవ ఎక్కువ నిష్కామమో భగవద్గీత చదివినవాళ్లు తేల్చాలి.

అక్కడ పుట్టిన మన మనవల సంగతి మరీ ముచ్చట. ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు అని ఒకటి ఉండేది. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలైతే ఏడాదికి 100 గంటలు, ఆపైన పాతికేళ్ల దాకా అయితే 250 గంటలు సేవ చేస్తే బంగారు స్థాయి. గంటలు లెక్కపెట్టి సర్టిఫికెట్ ఇచ్చే తెలుగు సంఘాలకు అక్కడ కొదవ లేదు. వేసవిలో తాతగారి ఊరొచ్చి, సర్కారు బళ్లో రెండు వారాలు ఇంగ్లీషు చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్తారు. ఆ బడిలో ఇంగ్లీషు టీచరు పోస్టు ఖాళీగా ఉంటే అది వచ్చే ఏడాది వచ్చే పిల్లవాడికి సేవావకాశం. తొందరపడి భర్తీ చేస్తే పిల్లల భవిష్యత్తు ఏం కావాలి, అంటే, అమెరికా పిల్లల భవిష్యత్తు?

మీ పిల్లవాడు కూడా కోల్‌కతా వెళ్లి సేవ చేస్తానంటే అడ్డు చెప్పకండి, నిక్షేపంగా పంపండి. గురువారం సెలవని చెప్పి పంపండి. రిక్షా ఎక్కకపోయినా ఎక్కినా కూలి ఇచ్చి రమ్మనండి. టిక్కెట్టు కొనే ముందు మాత్రం ఇంట్లో రెండు దుప్పట్లు చేత్తో ఉతికించి చూడండి. రెండో దుప్పటి దాకా నిలబడితే వీసాకు పెట్టండి.