డైనమో బాబాయ్

కెనడాలో తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు పోగైన ప్రతి ఊళ్ళోనూ ఒక డైనమో బాబాయ్ ఉంటారు. బ్రాంప్టన్‌లో ఒకరు, కాల్గరీలో ఒకరు. మిస్సిసాగాలో వీధికొకరున్నా ఆశ్చర్యం లేదు. పగలంతా ఏ బ్యాంకుకో డేటాబేసులు కాపలా కాసే మనిషి. బానెట్ ఎత్తారంటే మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో పుట్టి పెరిగినట్టు మాట్లాడతారు. ఆటోనగర్‌తో ఆయన పరిచయమల్లా చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి అంబాసిడర్‌కి కార్బన్ బ్రష్‌లు మార్పించడానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం మీదే ఒంటారియోలో ఇంత కీర్తీ కట్టుకున్నారు.

ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ని ఆయన డైనమో అనే అంటారు. 1960లోనే క్రైస్లర్ కంపెనీ వాలియంట్ కారులో డైనమోకి బదులు ఆల్టర్నేటర్ పెట్టిందని మనకి చెప్పేదీ ఆయనే. చెప్పి, "సరే, ముందు ఆ డైనమో సంగతి చూద్దాం పద" అంటారు.

ఆయన సీజను జనవరి. చలికి బ్యాటరీ నీరసిస్తుంది: సున్నా డిగ్రీల దగ్గర మూడోవంతు బలం పోతుంది, మైనస్ 18కి సగం పైనే. ఇంజనాయిల్ చిక్కబడి ఇంజను అసలే తిరగనంటుంది. పైగా హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను, వెనకద్దం హీటరు, సీటు హీటరు, అన్నీ ఒకేసారి కరెంటు అడుగుతాయి. ఇంట్లోంచి టిమ్ హార్టన్స్ దాకా, అక్కణ్ణుంచి ఇంటికి తిరిగే కారుకి ఇదంతా పూడ్చుకునే తీరిక ఎక్కడిది? తెల్లవారకముందే బాబాయ్ ఫోను మోగుతుంది.

"బాబాయ్, కారు స్టార్టవట్లేదండీ."

"సెల్ఫ్ కొడితే టకటకమంటోందా, మూలుగుతోందా?"

"మూలుగుతోందండీ."

"ఈమధ్య లైట్లు డల్లయ్యాయా? ఎక్సలరేటర్ తొక్కితే వెలుగు పెరిగిందా?"

"అవునండీ. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ కూడా వెలిగింది. అందుకే మొన్ననే కొత్త బ్యాటరీ వేయించానండీ."

ఈ చివరి వాక్యం కోసమే బాబాయ్ చలికాలమంతా ఎదురుచూస్తారు. బొమ్మ బ్యాటరీదే, ఒప్పుకుంటారు. కానీ ఇంజను నడుస్తుండగా అది వెలిగిందంటే చాలాసార్లు తప్పు ఛార్జింగుది: బెల్టు జారుతూ ఉండొచ్చు, బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, డయోడ్లో రెగ్యులేటరో పోయి ఉండొచ్చు. దండగ పడ్డ బ్యాటరీ ఖరీదు అడిగి తెలుసుకుని, ఆ కుర్రాడి తరఫున తానే కాసేపు బాధపడి, మల్టీమీటరు జేబులో వేసుకుని బయల్దేరతారు.

మీటరు చేతిలో ఉన్నంతసేపూ బాబాయ్‌ది శాస్త్రీయ దృష్టి. రాత్రంతా ఊరుకున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను ఆన్ చేశాక అది పదమూడున్నర దాటి 14.7 లోపు నిలవాలి. నిలవకుండా 12 కిందికి జారుతోందంటే ఛార్జింగు లేనట్టే. తర్వాత మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి చూస్తారు. ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీయే, దాన్ని డీసీగా మార్చేవి డయోడ్లు. అవి పోతే ఏసీ కొంత బయటికి కారుతుంది, రేడియోలో ఇంజను వేగంతో పాటు హెచ్చుతగ్గులయ్యే కూత వినిపిస్తుంది. ఆ కూత వినడానికి ఆయన కుర్రాడి పాటల్ని ఆపించేస్తారు.

ఆయన అసలు గొప్పతనం ఎర్త్ వైరు దగ్గరుంది. ఒంటారియోలోని గాడెరిచ్‌లో హ్యూరన్ సరస్సు కింద ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని ఉంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే అలాంటి ఉప్పంతా కార్ల కింద చేరి వైర్ల కొసల్ని కొరుక్కు తింటుంది. ఇంజను నడుస్తుండగా మీటరు ఒక కొస ఆల్టర్నేటర్ ఒంటికి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి తాకించి, పాయింట్ రెండు వోల్టులు మించి తేడా ఉంటే "డైనమో బాగానే ఉందయ్యా, ఎర్త్ పోయింది" అని తేలుస్తారు. పిన్నిగారి వంటింట్లోంచి తెచ్చిన బేకింగ్ సోడా నీళ్ళతో తుప్పు కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది బిగిస్తే పనైపోతుంది. ఇలా ఆయన కాపాడిన ఆల్టర్నేటర్లు ఎన్నో. వాటి గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు; కొత్త సామాను పడని రిపేరుని మనవాళ్ళు రిపేరుగా లెక్కేయరు.

సరిగ్గా ఈ ఘట్టంలో గుడివాడ నుంచి ఆయన మామగారు వీడియో కాల్‌లోకి వస్తారు. "అల్లుడుగారూ, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకండి. ఆగిపోతే డైనమో పోయినట్టే!" పాత అంబాసిడర్ల కాలంలో ఇది చెల్లిన పరీక్షే. ఇప్పటి కారులో అలా పీకితే వోల్టేజీ ఒక్కసారి ఎగదన్ని కంప్యూటర్‌తో సహా కాల్చేయగలదు. ఆ ముక్క మామగారితో అనగలిగే అల్లుడు కృష్ణాజిల్లాలో ఇంకా పుట్టలేదు. బాబాయ్ "అలాగే మావయ్యగారూ" అని, సిగ్నల్ అందట్లేదంటూ ఫోను కోటు జేబులో పెట్టేస్తారు.

ఆయన్ని ఓడించింది ఒక్క హోండా సివిక్. అలిస్టన్ ఫ్యాక్టరీలో తయారైన కారు, పక్కా ఒంటారియో బిడ్డ. ఇంజను నడుస్తుంటే మీటరు 12.6 దగ్గరే కూర్చుంది. బాబాయ్ మరణ ధ్రువీకరణ ఇచ్చేశారు. ఈలోగా ఆయన కూతురు వచ్చి హెడ్‌లైట్లూ వెనకద్దం హీటరూ వేసింది; మీటరు 14.4కి లేచి నిలబడింది. పెట్రోలు ఆదా కోసం, కరెంటు వాడకం తక్కువున్నప్పుడు ఛార్జింగు తగ్గించే ఏర్పాటు హోండాలో ఉంది మరి. "తెలుసులేమ్మా, నీకు తెలుసో లేదో చూద్దామని" అన్నారు బాబాయ్.

ఆల్టర్నేటర్ మార్చక తప్పని రోజూ ఉంటుంది. అప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఆల్టర్నేటర్‌కి వచ్చే లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానరు కారు బాడీకి తగిలిందంటే నిప్పులే. ఇందులో బాబాయ్ ఏనాడూ తప్పరు. తప్పేదల్లా బెల్టు దగ్గర. పుల్లీల చుట్టూ అది తిరిగే దారి బొమ్మ చాలా కార్లలో బానెట్ కిందే అంటించి ఉంటుంది. "దాని ఫొటో తియ్యనా?" అంటాడు కుర్రాడు. "ఎందుకయ్యా, నా బుర్రలో ఉంది" అంటారు. గంట తర్వాత వేళ్ళు కొంకర్లు పోయి, "ఇందాక ఫొటో ఏదో తీస్తానన్నావు..." అని మెల్లిగా అడుగుతారు.

డబ్బు పుచ్చుకోరు. ఒంటారియోలో కారు రిపేరు లైసెన్సు తప్పనిసరైన వృత్తి, దాని కోడ్ 310ఎస్. ఆ సంగతి చట్టాన్ని గౌరవించే పౌరుడిలా చెబుతారు. గోంగూర పచ్చడి గురించి చట్టంలో ఏమీ లేదని కూడా చెబుతారు.

పిన్నిగారికి తెలిసిన లెక్క వేరు. పాత ఆల్టర్నేటర్ తిరిగిస్తే షాపువాళ్ళు కోర్ డిపాజిట్ వాపసు ఇస్తారు, దాన్ని బాగుచేసి మళ్ళీ అమ్ముకుంటారు. వాళ్ళకి అది విప్పకుండా కావాలి. బాబాయేమో ఆటోనగర్ సాక్షిగా దాన్ని పూర్తిగా విప్పి, అరిగిన బ్రష్ చూపించి, స్లిప్ రింగుల మీద గాడి చూపించి, కుర్రాడికి పాఠం చెప్పాకే శాంతిస్తారు. తిరిగి బిగిస్తే రెండు స్క్రూలు మిగులుతాయి. షాపులో అమ్మాయి డబ్బా ఊపి చూసి, లోపలి గలగల విని, చిరునవ్వుతో వెనక్కి నెడుతుంది. డిపాజిట్ సొమ్ము కుర్రాడికి బాబాయే జేబులోంచి ఇస్తారు.

జూలై వచ్చిందంటే ఫోన్లు ఉండవు. అప్పుడు ఆయనే చేస్తారు. "కారు ఎలా ఉందయ్యా? పొద్దున్నే బెల్టు కీచుమంటోందా? పోనీ లైట్లు?" అన్నీ బాగున్నాయంటే గొంతులో ఉత్సాహం తగ్గిపోతుంది. వేసవి వనభోజనాల్లో మాత్రం ఆశ వదులుకోరు. పేపర్ ప్లేటులో పులిహోర పెట్టించుకుని పార్కింగు పక్కనే నిలబడతారు. మొన్న ఏసీ వేసుకుని వచ్చి ఆగిన ఒక ఎస్‌యూవీ సన్నగా కీచుమంది. బాబాయ్ ప్లేటు దాని బానెట్ మీదే పెట్టి, "ఆపకు, ఆపకు, ఇంజను ఆపకు!" అంటూ డ్రైవరు అద్దం తట్టారు.