ఆలిజే ఎగరాలంటే

ఒరే గుంటడా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో నువ్వు తీసిన వీడియో చూశాన్లే. విమానం కంటే నీ ముందు నిలబడ్డవాడి తలకాయే ఎక్కువ కనబడుతోంది. అయినా నిన్నని ఏం లాభం, చూడ్డానికి ఇప్పుడేముందని? ఆ విమానం వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. అది దాటిపోయాక ఎప్పుడో చెవులు చిల్లులు పడే మోత. మా రోజుల్లో విమానం ఎగిరిందంటే దానికో తతంగం ఉండేది.

నేను పనిచేసిన విమానవాహక నౌక విక్రాంత్. మా విక్రాంత్ అంటే పాత విక్రాంత్. 2022లో కొచ్చిలో నౌకాదళంలో చేరిన దాన్ని టీవీలో చూసి అదే విక్రాంత్ అనుకోకు. అది నాయనమ్మ పేరు పెట్టుకున్న మనవరాలు. మాదాన్ని ఇంగ్లీషువాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం కోసమని హెర్క్యులిస్ పేరుతో మొదలెట్టి, యుద్ధం ముగిశాక సగంలో వదిలేశారు. 1957లో మనవాళ్ళు కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న జెండా ఎగరేశారు. పొడవు ఏడువందల అడుగులు. కొత్తది 262 మీటర్లట. అంత పొడుగు ఎందుకూ అంట? మాకు ఆ ఏడువందలే సరిపోయేవి. సరిపోయేవంటే, విమానాలకు రెక్కలు మడిచి, ఒకదాని తోక కింద ఇంకోదాని ముక్కు దూర్చి, మధ్యలో మేం పక్కవాటుగా నడిచి సరిపెట్టుకునేవాళ్ళం అనుకో.

ఆ డెక్ మీద విమానాల్ని తోసేది, గొలుసులతో కట్టేది, కొక్కేలు తగిలించేది మేము. మా అమ్మ మాత్రం భీమిలి వీధిలో అందరికీ మావాడు విమానాలు లేపుతాడని చెప్పుకునేది. అబద్ధం కాదు కదా, నేనూ కాదనలేదు.

సీ హాక్‌లని జెట్‌లు ఉండేవి. కుర్రాళ్ళందరి కళ్ళూ వాటి మీదే. నా మనసు మాత్రం ఆలిజే మీద. బ్రెగే కంపెనీవాళ్ళ ఫ్రెంచి విమానం అది. ముగ్గురు కూర్చునేవారు, పని జలాంతర్గాముల వేట. పొట్ట కింద రాడార్ గుమ్మటం ఒకటి, కావాలంటే దించుకునేది, వద్దంటే లోపలికి లాక్కునేది. ముక్కుకి నాలుగు రెక్కల ప్రొపెల్లరు, దాని వెనక రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజిను. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రో విమానాల్లో ఉండేది కూడా ఆ డార్టే. మీ తాతల్లో ఎవరైనా ఆవ్రో ఎక్కినవాళ్ళుంటే అడుగు, ఆ ఈల ఎలా ఉండేదో చెప్తారు. సన్నగా మొదలై పళ్ళ చిగుళ్ళ దాకా పాకేది. ఇప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి మూడుసార్లు పిలిస్తే గానీ నాకు వినబడదు. కావాలనే అని తను అంటుంది, డార్ట్ వల్లే అని నేనంటాను. ఈ తగువు తెగదు.

సరే, ఎక్కడున్నాను? ఎగరడం దగ్గర.

నువ్వు అనుకుంటావు, బటన్ నొక్కితే ఎగురుతుందని. ముందు ఓడని గాలికి ఎదురు తిప్పాలి. విమానాన్ని లేపేది రెక్కల మీదుగా పోయే గాలి. ఎదురుగాలి పది నాట్లుండి, ఓడ ఇరవై నాట్ల మీద పోతే, విమానం చక్రం కదలకముందే దానికి ముప్పై నాట్ల గాలి అప్పనంగా దక్కినట్టు. అందుకని ఒక్క విమానం కోసం వెయ్యి మందికి పైగా ఉన్న ఓడ మొత్తం వంగి తిరిగేది. సరిగ్గా మా భోజనాల వేళకే గాలి దిక్కు మారేదెందుకో నాకిప్పటికీ తెలీదు. పప్పు గిన్నె బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేది, మేం చెయ్యి అడ్డం పెట్టి తినేవాళ్ళం. ఇప్పుడు మీకు ఏసీ గదిలో స్విగ్గీవాడు పది నిమిషాలు లేటైతే ఫిర్యాదు.

ఆ తర్వాత ఆలిజేని నడిపించుకుంటూ, ఆవిరి బలంతో విమానాన్ని ముందుకు విసిరే క్యాటపల్ట్ మీదికి తెచ్చేవాళ్ళు. పసుపు జెర్సీ వేసుకున్న డైరెక్టరు చేతులతోనే మాట్లాడేవాడు. నోటితో చెప్తే వినబడే చోటా అది? చేతులు చాపితే రెక్కలు విప్పాలి, పిడికిలి బిగిస్తే బ్రేకు వెయ్యాలి. రెక్కలు విప్పుకుని తాళం పడ్డాయో లేదో కళ్ళతో చూసుకోవాలి. అప్పుడు మా వంతు. ప్రొపెల్లరు తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతోందని కంటికి తెలియదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అదే దాని దుర్మార్గం. నడుం వంచి, మోకాళ్ళ మీద, రెక్క కింద నుంచి దూరి, ఉక్కు తాడు రెండు కొసల్నీ విమానం కొక్కేలకు తగిలించి, నడుమ భాగాన్ని డెక్ గాడిలో ఉన్న క్యాటపల్ట్ కొక్కేనికి వెయ్యాలి. తోక వైపు ఇంకొకడు హోల్డ్‌బ్యాక్ బిగించేవాడు. గాడి పొడుగునా సందుల్లోంచి ఆవిరి కక్కుతూ ఉండేది, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసేది. తాడు బిగుసుకుందని చేత్తో తట్టి చూసి, వచ్చిన దారినే వెనక్కి పాకాలి. పొరపాటున ముందు వైపు లేచి నిలబడ్డవాడికి రెండో పొరపాటు చేసే అవకాశం ఉండదు. ఈ రోజుకీ నేను టేబుల్ ఫ్యాను ముందు నుంచి నడవను. సోఫా చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్తాను. కోడలు నవ్వుకుంటుంది, నవ్వుకోనీ.

పైలటు ఇంజిను మొత్తం తెరిస్తే విమానం ముందుకు ఉరకబోయేది, తోక దగ్గర హోల్డ్‌బ్యాక్ పట్టి ఆపేది. ఆకుపచ్చ జెండా కిందికి దిగేది. లోపల ఆవిరి వదిలేవారు. హోల్డ్‌బ్యాక్‌లో ఇంత బలానికి తెగాలని చేసిన ముక్క ఒకటుంటుంది, అది ఠప్పున తెగేది. ఆ తర్వాత అంతా రెప్పపాటు. డెక్ అంచు దాటాక ఆలిజే కిందికి దిగి కనబడకుండా పోయేది. ఎన్నిసార్లు చూసినా నా గుండె దానితో పాటే దిగేది. పక్కన హెలికాప్టరు గాలిలో కాచుకుని ఉండేదనుకో, పడితే ఏరుకోవడానికి. ఇంతలో సముద్రానికి కాస్త పైన ఆ ముక్కు మళ్ళీ కనబడేది. మేమంతా చొక్కాలు పిండుకుని రెండో దానికి లేచేవాళ్ళం.

నేను ఈ గొప్పలు చెప్తున్నాను గానీ, మేం చేరిన కొత్తలో మమ్మల్ని ఎవడు లెక్కచేశాడు? 71 యుద్ధంలో ఆ డెక్ మీద నిలబడ్డ చీఫ్‌లు ఉండేవారు. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళొచ్చి ఓడ పరుగు తగ్గిపోయినా, బంగాళాఖాతంలో ఉన్న కాస్త గాలిని వెతుక్కుంటూ పోయి, కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీదికి విమానాలు పంపినవాళ్ళు వాళ్ళు. ఆ విక్రాంత్ కోసమే వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ ఎదురుగానే మునిగింది. వాళ్ళ ముందు మేం ఆలిజే మాటెత్తితే, మీరేం చూశార్రా అని చాయ్ గ్లాసు మా చేతికిచ్చి కడగమనేవారు. ఆ చీఫ్‌లకి పాఠం చెప్పిన ముసలాళ్ళు ఇంకొక మెట్టు పైన. వాళ్ళ లెక్కన క్యాటపల్ట్ అంటేనే సోమరుల సరుకు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రొపెల్లరు విమానాలన్నీ డెక్ వెనక భాగంలో గుంపుగా పెట్టి, ఒక్కొక్కటీ సొంత ఇంజినుతో పరుగెత్తి లేచేవట. అందరికంటే ముందున్నవాడికే అందరికంటే తక్కువ దారి. వాళ్ళ మాట వింటే 1910లో ఓడ మీద కట్టిన చెక్క వేదిక నుంచి ఎగిరిన యూజీన్ ఈలీ ఒక్కడే మగాడు, ఆ తర్వాత అంతా దిగజారుడే.

మా దిగజారుడు 1987లో మొదలైంది. సీ హారియర్‌ల కోసం క్యాటపల్ట్ పీకేసి ముందు భాగాన్ని ఎత్తి జారుడుబల్ల తిరగేసినట్టు కట్టారు. ఆలిజేలు ఒడ్డుకు చేరాయి. ఇప్పుడు కొత్త విక్రాంత్‌లోనూ ఆ ఎత్తే, మిగ్‌లు దాని మీదుగా ఎగిరిపోతాయి. తాడూ లేదు, పాకడమూ లేదు. ప్రొపెల్లరు విమానం డెక్ మీద చూడాలంటే అమెరికావాళ్ళ హాకై ఒకటుంది. అదీ వాళ్ళ ఫోర్డ్ ఓడలో విద్యుదయస్కాంత క్యాటపల్ట్‌తో పోతుంది. ఆవిరి లేదు, వాసన లేదు. 2017లో ట్రంప్ కూడా ఆవిరే మేలన్నాడు. నా పక్షాన అంత పెద్దమనిషి ఉన్నాడని మా అల్లుడికి పేపరు చూపించాను. వాడు ఇంజనీరు. విద్యుత్తయితే విమానం బరువును బట్టి తోపు సరిదిద్దుకోవచ్చు, విమానం కీళ్ళు అరగవు, మనుషులూ తక్కువ చాలు మావయ్యా అన్నాడు. మనుషులు తక్కువ చాలడమే కదురా నా బాధ అంటే, కాఫీ తాగండి అన్నాడు.

ఒక్కటి మాత్రం మీరు మార్చలేకపోయారు. విమానవాహక నౌకల మీద ఆ మేడ చూశావా, కుడివైపే ఉంటుంది. పాతకాలం ప్రొపెల్లరు విమానాలు ఎడమకు తిరగడానికే మొగ్గేవని, అటువైపు అడ్డం లేకుండా అలా కట్టారంటారు. ప్రొపెల్లరు లేని జెట్‌కి దాంతో పనేంటి? అయినా మేడ మాత్రం మా పక్కనే ఉంది.

మా ఓడని 1997లో విశ్రాంతికి పంపి, ముంబైలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉంచి, చివరికి ముక్కలు చేశారు. ఆ లోహం కొంత 2016లో వచ్చిన బజాజ్ మోటారు సైకిల్ ట్యాంకులో కలిపారు. మా వీధి చివర కుర్రాడికి ఆ బండి ఉంది. హెల్మెట్ పెట్టుకోడు, సందులోంచి రోడ్డు మీదికి అటూ ఇటూ చూడకుండా దూకుతాడు. మొన్న పొద్దున్న లారీ వస్తోంది, నేను గేటు దగ్గరున్నాను. రెండు చేతులూ తలపైకెత్తి ముంజేతులు అడ్డంగా పెట్టాను. డెక్ మీద ఆ సైగ చూస్తే ఎవడైనా అక్కడికక్కడే ఆగాలి. వాడు ఆగాడు, ఆగి పళ్ళికిలించి, “ఏటి తాతా, పొద్దున్నే యోగానా?” అన్నాడు.